ఉస్తాద్‌కు వినపడని చప్పుడు

బండిలో చప్పుడొస్తోందని షెడ్డుకు వచ్చేవాళ్లు బానెట్ ఎత్తగానే అనే మాట ఒకటుంది. "ఇంటికాడ మస్తు వచ్చిందన్నా, గీడికొచ్చినంక వస్తలేదు." పని నేర్చుకునే రోజుల్లో ఆ మాట వింటే మాకు నవ్వొచ్చేది. వాళ్లు వెళ్లిపోయాక వాళ్ల గొంతు అనుకరిస్తూ టీ తాగేవాళ్లం. ఇప్పుడు పానాలు పక్కన పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఎవరైనా చదువుతారేమోనని, ఆ నవ్వు నాకు ఎక్కడ ఆగిపోయిందో రాస్తున్నాను. బండికి కంప్యూటరు తగిలించి జబ్బు చదువుకునే మీకు ఇది పాతకాలపు గోలలా అనిపించవచ్చు. కానీ వచ్చిపోయే చప్పుడు అప్పుడెట్లా సతాయించేదో ఇప్పుడూ అట్లాగే సతాయిస్తుందని మీరే అంటుంటారు కదా.

మా షెడ్డు సూర్యాపేటలో, విజయవాడ పోయే పెద్ద రోడ్డు పక్కన ఉండేది. ఎనభైల చివరి సంవత్సరాలు. షెడ్డుకు ఓనరూ, పెద్ద మెకానిక్కూ ఒక్కరే, మా ఉస్తాద్. యాభై దాటిన మనిషి. బండి రోడ్డు దిగి మా వైపు మళ్లుతుండగానే, తల ఎత్తకుండా, "దీని వాటర్ పంపు పోయింది, కుర్చీ ఎయ్యి" అనేవాడు. బండాయన దిగి అదే మాట చెప్పేవాడు. ఆ చెవి కోసమే కోదాడ నుంచీ, మిర్యాలగూడ నుంచీ, తుంగతుర్తి వైపు నుంచీ కూడా బండ్లు వచ్చేవి. ఆయన తర్వాత షెడ్డులో నేను. నా తర్వాత కరెంటు పని చూసే కోదాడ మనిషి. అతను మా అందరికన్నా మర్యాదగా 'అండీ' పెట్టి మాట్లాడుతూ, మా అందరికన్నా ఎక్కువ వేళాకోళం చేసేవాడు.

నా నవ్వు ఆపిన కారు మిర్యాలగూడ డాక్టరమ్మది. కాన్పుల డాక్టరు. ఆ కాలంలో ఆడమనిషి స్టీరింగు పట్టుకుంటే బజారులో జనం నిలబడి చూసేవారు. ఆమె పట్టించుకునేది కాదు. నిడమనూరు వైపు పల్లెలకు కూడా తానే నడుపుకుంటూ వెళ్లేది. అంతకుముందు ఒకసారి ఆమె కబురు పంపితే ఉస్తాద్ ఒక్కడే పోయి ఆ కారుకు ఏదో పని చేసొచ్చాడు. ఈ చప్పుడు సంగతితో ఆమె మా దగ్గరికి వచ్చేసరికి మిర్యాలగూడలో ఇద్దరు మెకానిక్కులు కారు చూసి, చప్పుడేం లేదని పంపేశారు. ఒకాయన అయితే, "మీరు గేర్లు మంచిగ ఏస్తలేరు మేడం" అన్నాడట.

"రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు ఉంటుందండి," అని చెప్పింది ఆమె. "ఒక్కోసారి వారమంతా రాదు. వచ్చిందంటే ఇల్లు చేరేదాకా పోదు. నా భ్రమ అనుకుంటే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు."

ఉస్తాద్ తానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆమె పక్కన, నేను వెనక. కోదాడ రోడ్డు మీద కొంత దూరం పోయాం. ఇంజను హాయిగా నడుస్తోంది. తిరిగి వస్తూ షెడ్డు మలుపు దగ్గర ఉస్తాద్ ఆక్సిలేటరు మీద నుంచి కాలు తీశాడు. అప్పుడు వచ్చింది. గలగలగల. సన్నగా, తొందర తొందరగా, ఇంజను హోరు కింద దాక్కున్నట్టు.

"అదిగో!" అంది డాక్టరమ్మ.

"ఏదమ్మా?" అన్నాడు ఉస్తాద్.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ లోగా చప్పుడు ఆగిపోయింది.

"ఏం లేదమ్మా. బండి బంగారమోలె ఉన్నది."

ఆమె వెనక్కి తిరిగి నన్ను అడిగింది. "మీరు విన్నారా?"

అద్దంలో ఉస్తాద్ కళ్లు నా మీదే ఉన్నాయి. పదిహేనేళ్లుగా ఆ కళ్ల కింద పనిచేశాను. "విన్ననమ్మా," అన్నాను.

ఉస్తాద్ కారును నేరుగా షెడ్డులోకి మళ్లించాడు. షెడ్డుకు వచ్చాక బానెట్ ఎత్తించి, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి ఆనించి చాలాసేపు విన్నాడు. ఇంజను పైన వాల్వులు కదిలించే ట్యాపెట్లు వదులైనయన్నాడు. బిగించి పంపేశాం. ఆ సాయంత్రం కోదాడ మనిషి నా పక్కకు చేరి, నవ్వకుండా, గొంతు తగ్గించి, "నేను బ్యాటరీల దగ్గర నిలబడి విన్నానండీ ఆ చప్పుడు. పక్కనే కూర్చున్న ఉస్తాద్‌కి వినపడలేదేంటి?" అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. కొంతకాలంగా ఆయన మమ్మల్ని ప్రతి మాటా రెండుసార్లు చెప్పిస్తున్నాడు. మసీదులో అజాన్ వినగానే పానా కింద పెట్టి లేచే మనిషి, ఇప్పుడు గోడ గడియారం చూసి లేస్తున్నాడు. బండి షెడ్డులోకి మళ్లేటప్పుడు జబ్బు చెప్పడం ఎప్పుడో మానేశాడు. మేం అది వయసు తెచ్చిన పెద్దరికం అనుకున్నాం.

కొన్నాళ్లకే డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కోపంగా ఉంది. నిడమనూరు నుంచి వస్తుంటే చప్పుడు ఎక్కువై, కారును కాలువ కట్ట మీద వదిలి, ఎండలో నడిచి బస్సెక్కిందట. మరునాడు స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచింది. ఉస్తాద్ ఇంజను కింద ఆయిలు తొట్టి విప్పించి బేరింగులు చూశాడు. కొద్దిగా అరిగి ఉన్నాయి. "గిదే!" అన్నాడు గట్టిగా. కొత్తవి వేశాం.

నాకు మనసు ఒప్పలేదు. ఆ మాత్రం అరుగుదలకు చప్పుడు రాదు. పైగా బేరింగు చప్పుడు బరువుగా, సుత్తి దెబ్బలా ఉంటుంది. నేను విన్నది సన్నటిది. అందరూ అన్నానికి పోయినప్పుడు ఉస్తాద్ ఒక్కడే పళ్లెంలో పెట్రోలు పోసుకుని చేతులు కడుక్కుంటున్నాడు. దగ్గరికి పోయి చెప్పాను.

"ఉస్తాద్, గది బేరింగు చప్పుడు కాదు. నేను నా చెవుల్తోని ఇన్న."

"నేను ఇనలేదా?"

"మీకు సన్న చప్పుళ్లు ఇనొస్తలేవు ఉస్తాద్."

ఆయన చేతులు అట్లాగే ఆగిపోయాయి. కొడతాడేమో అనుకున్నాను. నా కుర్రతనంలో కొట్టాడు కూడా. కొట్టలేదు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"నాకెరుకలేదనుకున్నవా?" అన్నాడు చివరికి. "ఎవలికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. జనం నా పానాలు జూసి వస్తలేరు. ఈ చెవులు జూసి వస్తరు. గివి పోయినయని తెలిస్తె షెడ్డు ఖతం. నీ బతుకు గూడ దీంట్లనే ఉన్నది, యాదుంచుకో."

బెదిరించాడో బతిమాలాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత చాలా రోజులు నాతో పనికి సంబంధించిన మాట తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. కారు గురించి కబురు లేదు. బేరింగులతోనే పోయిందేమో, నేనే పొరబడ్డానేమో అనుకోవడం మొదలుపెట్టాను. అట్లా అనుకోవడం సుఖంగా ఉంది.

యాసంగి వరికోతలు నడుస్తుండగా మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది. చప్పుడు మళ్లీ వచ్చింది, మునుపటికన్నా గట్టిగా ఉంది, కారు తీయాలంటేనే భయంగా ఉంది అని. ఎవరినో ఒకరిని పంపితే సరిపోయేది. ఉస్తాద్ కండువా దులుపుకుని, "నేను పోత," అన్నాడు. రెండడుగులు వేసి, నా వైపు చూడకుండానే, "నువ్వు గూడ రా," అన్నాడు. బస్సులో మిర్యాలగూడ పోయాం. దారంతా ఆయన కిటికీ వైపు, నేను ఇటువైపు.

ఆస్పత్రి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. ట్రాలీలో గడ్డి మీద పరిచిన దుప్పటి తడిసి నల్లగా ఉంది. ఊళ్లో కాన్పయింది, మాయ పడలేదు, రక్తం ఆగడం లేదు. తీసుకొచ్చిన పెద్దావిడ, బాలింతకు అత్త, చంటిబిడ్డను కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. బిడ్డ ఏడుస్తూనే ఉంది. డాక్టరమ్మ లోపలి నుంచి మోచేతుల దాకా ఎర్రటి చేతులతో బయటికి వచ్చింది. చేయగలిగింది చేసిందట. ఇక మత్తుడాక్టరు కావాలి, రక్తం కావాలి. ఆ రోజు ఆ రెండూ సూర్యాపేట దవాఖానలోనే ఉన్నాయి. పెళ్లిళ్ల రోజులు. టాక్సీ స్టాండు ఖాళీ. సర్కారు బండి ఎక్కడికో పోయింది. ట్రాక్టరు మీద అంత దూరం తీసుకుపోతే మనిషి దక్కదు.

ఆమె మా ఇద్దరినీ చూసింది. మేం ఎందుకు వచ్చామో కూడా మరిచిపోయి ఉంటుంది.

"నా కారు నడుస్తుందా?"

ఉస్తాద్ తాళాల కోసం చెయ్యి చాపాడు. "నడుస్తది. నేను నడుపుత," అన్నాడు.

వెనక సీట్లో బాలింతను పడుకోబెట్టి, తల అత్త ఒడిలో పెట్టారు. డాక్టరమ్మ కింద మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో ఆమె పొట్టను అదిమి పట్టింది. చంటిబిడ్డ అత్త భుజం మీద. ముందు సీట్లో ఉస్తాద్, నేను. రైసు మిల్లులు దాటేదాకా కారు మెత్తగా పోయింది. ఎదురుగా వచ్చిన ఎడ్లబండి కోసం ఉస్తాద్ ఆక్సిలేటరు వదిలాడు. గలగలమంది. ఈసారి దాక్కోలేదు. ఆ గలగల వెంట ఏదో ఇనుము ఇనుముకు తగులుతున్న మోత కూడా ఉంది.

"అదే," అంది డాక్టరమ్మ వెనక నుంచి, తల ఎత్తకుండా.

ఉస్తాద్ నా వైపు చూశాడు. గుడ్డతో వేళ్లు తుడుచుకున్న రోజు తర్వాత ఆయన నన్ను సూటిగా చూడడం అదే మొదలు.

"ఉన్నదా?"

"ఉన్నది ఉస్తాద్."

ఆక్సిలేటరు తొక్కాడు. "ఇప్పుడు?"

"పోయింది."

వదిలాడు. "వచ్చింది," అన్నాను. ఎడమకాలు క్లచ్ మీద పెట్టి కొంచెం నొక్కాడు. "పోయింది." కాలు తీశాడు. "వచ్చింది." మళ్లీ నొక్కాడు, తీశాడు. ప్రతిసారీ నేను చెప్పాను. నాలుగోసారి చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపాడు. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు మాత్రమే కదిలాయి. "ఫ్లైవీల్."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇంజను వెనక, డ్రైవరు కాళ్లకు జానెడు దూరంలో, ఒక బరువైన ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది. దాన్ని బోల్టులతో ఇంజనుకు బిగిస్తారు. క్లచ్ కూర్చునేది దాని మీదే. క్లచ్ తొక్కితే చక్రం ముందుకు ఒత్తుకుని కదలకుండా ఉంటుంది, చప్పుడు పోతుంది. వదిలితే మళ్లీ ఆడుతుంది. అంటే ఆ బోల్టులు వదులయ్యాయి. ఒక్కో బోల్టూ తెగుతూ పోతే, ఆఖరిది తెగిన రోజు ఆ చక్రం గిర్రున తిరుగుతూనే డబ్బా పగలగొట్టుకుని బయటికి వస్తుంది. దానికి అడ్డంగా ఉండేది ఒక రేకు, ఆ తర్వాత మన కాళ్లు.

ఉస్తాద్ వెనకున్నవాళ్లకు వినిపించేలా చెప్పాడు. "అమ్మా, బండి జబ్బు దొరికింది. మంచి జబ్బు కాదు. ఆపితె మళ్ల లేస్తదో లేదో తెల్వది. ఆపకుండ ఒక్క తీరుగ గుంజుకుంట పోతె సూర్యాపేట చేరొచ్చు. మధ్యల ఇరిగితె అందరికి ముప్పే. నువ్వు జెప్పాలె."

డాక్టరమ్మ బాలింత మణికట్టు పట్టుకుని చూసింది.

"ఈమెకు ఆగే టైము లేదండి," అంది. "పోనివ్వండి."

"నువ్వు కాళ్లు పైకి వెట్టుకో," అన్నాడు ఉస్తాద్ నాతో. ఆయన కాళ్లు మాత్రం పెడళ్ల మీదే ఉండాలి.

అప్పుడు మొదలైంది మా ప్రయాణం. చక్రం ఒకవైపే ఒత్తుకుని ఉండాలంటే ఇంజను ఎప్పుడూ లాగుతూనే ఉండాలి. కాలు వదలకూడదు, మరీ గట్టిగా తొక్కకూడదు, క్లచ్ తొక్కితే లాగుడు తెగి, వదిలేటప్పుడు చక్రం మీద దెబ్బ పడుతుంది కాబట్టి దాని జోలికి పోకూడదు. గేరు మార్చాల్సి వస్తే క్లచ్ లేకుండా, వేగం చూసుకుని మెల్లగా దించాలి. అది ఉస్తాద్‌కు వెన్నతో పెట్టిన విద్య. కానీ చక్రం ఎప్పుడు ఆడుతోందో ఆయనకు తెలియదు. నేను చెప్పాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, కిటికీల్లో గాలి హోరు. నాకే వినపడడం మానేసింది.

"ఉన్నదా?" అన్నాడు ఉస్తాద్.

"తెలుస్తలేదు!"

"అరె, జర మంచిగ ఇను!"

ఏం చేయాలో తోచలేదు. కింద పరిచిన రబ్బరు చాప లాగేసి, చెప్పు విడిచి, పైకి పెట్టుకోమన్న కాలును గేరు డబ్బా మీది ఇనుప రేకుకు ఆనించాను. అరికాలు సన్నగా జలజలలాడింది. ఉస్తాద్ ఆక్సిలేటరు సరిచేశాడు. జలజల ఆగిపోయింది.

"ఉండె. పోయింది," అన్నాను.

ఆయన నా కాలు వైపు చూశాడు. ఆ తర్వాత కొంత దూరం పోయాక, ఎడమకాలి చెప్పు విదిలించి పక్కకు నెట్టి, తన కాలూ ఆ రేకు మీద పెట్టాడు. ఒక గుంత దాటుతుంటే కాలి కింద రేకు మళ్లీ జలజలలాడింది. నేను నోరు తెరిచే లోపలే ఆయన ఆక్సిలేటరు సరిచేశాడు.

"నాకు గూడ తెలుస్తున్నదిరా," అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు. నీళ్లలో మునుగుతున్న మనిషికి కాలికి నేల తగిలినట్టుంది.

సగం దారిలో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఎండబోశారు. మిగిలిన సగంలో, చిన్న కల్వర్టు మీద, బస్తాలు ఎక్కిస్తున్న ట్రాక్టరు అడ్డంగా ఉంది. ఉస్తాద్ హారను మీద చెయ్యి తీయలేదు. ఎవరూ కదల్లేదు. గేరు దించాడు. కాలి కింద రేకు ఒక్కసారి దద్దరిల్లింది, తర్వాత సర్దుకుంది. కారు నడక వేగానికి వచ్చింది.

"ఉరుకు!" అన్నాడు.

నడుస్తున్న కారులోంచి దూకి, ఒంటికాలి చెప్పుతో పరుగెత్తాను. "బండి ఆగదు, పక్కకు తియ్యిండ్రి, పేషెంటున్నది!" అని అరిచాను. ట్రాక్టరు మీద డ్రైవరు లేడు, ఎక్కడో చెట్టు కింద ఉన్నాడు. వడ్ల దగ్గర నిలబడ్డ రైతు నా మీదికి వచ్చాడు. "నా వడ్ల మీదికెల్లి ఎక్కిస్తవా? కండ్లు గనవడ్తలెవ్వా?" అని తిట్టడం మొదలుపెట్టాడు. కారు దగ్గరికి వస్తోంది. వెనక కిటికీలోంచి ఆ అత్త, బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, తల బయటపెట్టి, "నా కోడలు సచ్చిపోతాంది బిడ్డా, తొవ్వియ్యిండ్రి!" అని ఏడ్చింది. రైతు తిట్టు మధ్యలోనే ఆగిపోయింది. అతను కారు లోపలికి చూశాడు. ఏం చూశాడో, చేతిలో వడ్లు నెరిపే చెక్కపలక అడ్డంగా పెట్టి, తన రాశిని తానే రోడ్డు మీద నుంచి పొలంలోకి తోసేయడం మొదలుపెట్టాడు. "తొయ్యిండ్రిరా, సూస్తరేంది!" అని తనవాళ్ల మీద అరిచాడు. అందరం చేతులతో, కాళ్లతో తోశాం. కారు మిగిలిన వడ్ల మీదుగా కరకరమంటూ పోయింది. నేను దాని పక్కన పరుగెత్తి తలుపు పట్టుకుని ఎక్కాను. ఆ రైతు పేరు తెలియదు. ఆ తర్వాత ఆ దారిన పోయినప్పుడల్లా ఆ కల్వర్టు దగ్గర చూసేవాణ్ణి, గుర్తుపట్టలేకపోయాను.

సూర్యాపేట దగ్గరికి వచ్చేసరికి జలజల పూర్తిగా ఆగడం లేదు. లాగుతున్నప్పుడు కూడా ఉంది. ఉస్తాద్‌కూ నాకూ తెలుసు, ఒకరితో ఒకరం చెప్పుకోలేదు. వెనక బాలింత మూలుగు ఆగిపోయింది. డాక్టరమ్మ ఆమె చెంపలు తడుతూ, "కళ్లు తెరువమ్మా, నన్ను చూడు, మాట్లాడు," అంటూనే ఉంది. పెద్ద రోడ్డు చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. ఉస్తాద్ లైట్లు వేసి, హారను కొడుతూ, రెండు లారీల మధ్యగా దూరిపోయాడు. కానిస్టేబులు ఊపిరంతా పెట్టి విజిలు ఊదాడు. "ఆపక పోతివేంది, ఇనవడలేదా?" అని తర్వాత దవాఖాన గేటు దగ్గరికి వచ్చి గద్దించాడు. ఉస్తాద్ చేతులు జోడించి, "నిజంగనే ఇనవడలేదు సార్," అన్నాడు. అది నిజమని తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

దవాఖాన మెట్ల ముందు కారు ఆపగానే కింద ఏదో విరిగిన మోత వచ్చింది. ఇంజను దానంతట అదే ఆగిపోయింది. అప్పటికే స్ట్రెచరు వచ్చింది. అందరూ లోపలికి పరుగెత్తారు. మేం ఇద్దరం కారులోనే ఉండిపోయాం. ఉస్తాద్ చేతులు స్టీరింగు మీద నుంచి రావడం లేదు. నేనే ఒక్కో వేలూ విడదీశాను.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. మెట్ల మీద కూర్చుంది. బాలింత బతికింది. ఇంకా గండం పూర్తిగా గడవలేదు, కానీ బతికింది. ఉస్తాద్ లేచి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. నేను వద్దని సైగ చేశాను. చూడనట్టే ఊరుకున్నాడు.

"అమ్మా, ఎండాకాలం ముందు నువ్వు మనిషిని పంపితె నేనే అచ్చి నీ బండికి క్లచ్ పలకలు ఏసిన, యాదున్నదా? గా చక్రం విప్పి బిగించింది నా చెయ్యే. బోల్టు తిరగకుండ పట్టే రేకులు అప్పుడు బజార్ల దొరకలే. పాతయే మళ్ల ఏసిన. నాకు భయమనిపించలే. ఎందుకంటె బిగించినంక నేను చిన్న సుత్తెతోని ఒక్కొక్కదాన్ని కొట్టి ఇంటుంట. బిగిసినది ఖంగుమంటది, వదులుది దబ్బుమంటది. ముప్పై ఏండ్లసంది గట్లనే పాసు చేస్తున్న." తన చెవి తాకి చూపించాడు. "గిప్పుడు నాకు రెండు ఒక్క తీరుగనే ఇనవడ్తున్నయి. ఆ రోజు గూడ గంతే."

ఆమె ఇంకా చేతులు కడుక్కోలేదు.

"ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ కారు ఎక్కించేదాన్ని కాదు," అంది.

"అవునమ్మా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె అడిగింది వేరే. "ఆ రేకులు దొరకని రోజుల్లో ఇంకెవరి బండ్లకైనా అలాగే బిగించారా?"

ఉస్తాద్ ముఖం అట్లా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు, కారులో కూడా. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "కోదాడ టాక్సీ," అన్నాడు నాతో.

డాక్టరమ్మ కారు తర్వాత విప్పాం. బోల్టుల్లో సగం తలలు తెగి కింద డబ్బాలో పడి ఉన్నాయి. మిగిలినవాటి రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయాయి. మీ దగ్గరికెవరైనా వచ్చి, ఇప్పుడు రావడం లేదన్నా అంటే నవ్వకండి. ఏం చేస్తుంటే వస్తుందో, ఏం చేస్తే పోతుందో అడగండి. మేం ఆ ఆడమనిషిని ఆ రెండో మాట ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే, క్లచ్ తొక్కితే పోతుందండి అని ఆమే చెప్పేది. ఆమెకు ఆ సంగతి తెలుసు. మెకానిక్కులు నవ్వుతారని చెప్పలేదట.

కానీ వాటన్నిటికన్నా ముందు, మరునాడు పొద్దున్నే, ఉస్తాద్, నేను, కోదాడ మనిషి మొదటి బస్సుకు కోదాడ పోయాం. టాక్సీ స్టాండులో ఆ బండి తుడిచి, అద్దానికి పూలదండ వేసి ఉంది. టాక్సీ ఆయన మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. విషయం చెబితే నవ్వాడు.

"నా బండికేం రోగం లేదండీ. చప్పుడా? చుక్క చప్పుడు లేదు. నిన్ననే హుజూర్‌నగర్ పోయొచ్చా. ఇప్పుడు పెళ్లివాళ్లు వస్తున్నారు, విప్పడం కుదరదు."

కోదాడ మనిషి బతిమాలాడు. ఊరివాణ్ణని చెప్పాడు, వేళాకోళం లేకుండా చెప్పాడు. టాక్సీ ఆయన వినలేదు. "అసలు మీకెందుకొచ్చిందండీ అనుమానం?" అన్నాడు. స్టాండులో ఉన్న డ్రైవర్లంతా చుట్టూ చేరారు. సగం మంది మా షెడ్డుకు వచ్చేవాళ్లే.

ఉస్తాద్ అందరినీ ఒకసారి చూశాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకున్నాడు.

"నాకు చెవులు ఇనొస్తలేవు," అన్నాడు గట్టిగా, చెవులు వినపడనివాళ్లు మాట్లాడే గొంతుతో. "శాన దినాలైంది. నీ బండి బోల్టులు బిగిసినయో లేదో నేను ఇనలేదు. ఇన్నట్టు చేసిన. జర విప్పనియ్యి బేటా."

టాక్సీ ఆయన తాళాలు తీసి ఇచ్చాడు.

అక్కడే, స్టాండు పక్కన నేల మీద గోనెపట్టాలు పరిచి గేరు డబ్బా దించాం. క్లచ్ విప్పాం. ఉస్తాద్ పానా అందుకోలేదు. కింద వెల్లకిలా పడుకుని, చెయ్యి పైకి పోనిచ్చి, మొదటి బోల్టును రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. అది తిరిగింది. పక్కదాన్ని పట్టుకున్నాడు. అదీ తిరిగింది. వంగి చూస్తున్న టాక్సీ ఆయన మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

అప్పటికి పెళ్లివాళ్లు వచ్చేశారు. కొత్త బట్టల్లో పిల్లలు పూలదండ వేసిన కారు చుట్టూ మూగి, కింద కనిపిస్తున్న మా కాళ్లను చూసి, ఎప్పుడెక్కాలని అడుగుతున్నారు.